డ్యూక్ గురించి రాస్తున్న అమ్మాయికి

ఒంగోలు,
శనివారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ప్రతులూ రెండేసి సార్లు చదివాను. మొదటిదానికి ‘కలియుగ కర్ణుడు’ అని పేరు పెట్టావు. నెల తిరక్కుండానే రెండోది పంపావు. దాని పేరు ‘ఆవును చంపి చెప్పుల దానం’. రెండింట్లోనూ ఉన్న మనిషి ఒక్కడే, సిగరెట్ల వ్యాపారంతో కోటీశ్వరుడై, చివర్లో పెద్ద దానం చేసిన అమెరికన్ జేమ్స్ బుకానన్ డ్యూక్. మొదటి ప్రతిలో ఆయనకు హారతి పట్టావు, రెండో దాంట్లో బోనెక్కించావు. “మాస్టారూ, రెండింట్లో ఏది పత్రికకు పంపమంటారు?” అని అడిగావు. ఏదీ పంపొద్దమ్మా. చించి పారెయ్యను కూడా వద్దు. నువ్వు మూడోది రాయాలి. దానికి కావలసిన సరుకు సగం వీటిలోనే ఉంది. మిగతా సగం ఎక్కడుందో నాకు తోచింది చెబుతాను.

ముందు ఒక సంగతి. ఈ విషయం మీద నేను దూరంగా కూర్చుని చల్లగా మాట్లాడలేను. మాది పొగాకు ఇల్లు. మా నాన్న వర్జీనియా పొగాకు వేసేవాడు. బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, మండే ఐదారు రోజులూ ఆయనకు నిద్ర ఉండేది కాదు. లోపల వేడి ఒక్కసారిగా పెరిగితే ఆకు మాడుతుంది, సరిపోకపోతే పసుపు తిరగదు. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని థర్మామీటర్ చూడటానికి వెళ్లేవాడు. నేను వెనకే వెళ్లి నిలబడేవాణ్ణి. ఒక ఏడాది కంపెనీ బయ్యర్ ఒకాయన మా ఆకు రెండు వేళ్లతో పట్టుకుని చూసి, గ్రేడ్ తగ్గించి రాశాడు. నాన్న అక్కడ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి బావి దగ్గర చాలాసేపు కాళ్లు కడుక్కుంటూ ఉండిపోయాడు. నా కాలేజీ ఫీజు ఆ ఆకులోంచే వచ్చింది. ఆయన ప్రాణం కూడా చివరికి చుట్టతో చెడిపోయిన ఊపిరితిత్తుల వల్లే పోయింది. అందుకే నీ రాతలు నాకు ఎక్కడో అమెరికా కథలా అనిపించలేదు.

ఇక మొదటి ప్రతి. డ్యూక్ యూనివర్సిటీలోని ప్రార్థనా మందిరం, చాపెల్, గోపురం దగ్గర మొదలుపెట్టావు. 210 అడుగుల ఎత్తు, పైన మోగే 50 గంటలు, రాయి మీద సాయంత్రపు ఎండ. నువ్వు ఆ యూనివర్సిటీ ఉన్న నార్త్ కరోలినా డర్హాంలోనే ఉంటున్నావు, రోజూ చూస్తున్నావు, వర్ణన బాగా కుదిరింది. కానీ ఆ గోపురం 1932లో పూర్తయింది. ఆయన 1925లోనే పోయాడు. గోపురం కింద నిలబడి వెనక్కి చూస్తే, ఆయన చేసిన ప్రతి పనీ ఆ గోపురం కట్టడానికే చేసినట్టు కనిపిస్తుంది. ముప్పై ఏళ్ల వయసులో న్యూయార్కులో పోటీదారుల్ని నలిపేస్తున్న మనిషికి ఆ గోపురం సంగతి తెలియదు. నీకు తెలిసింది ఆయనకు తెలిసినట్టు రాయకు.

అలాగని అందరూ మొదలుపెట్టే చోట కూడా మొదలుపెట్టకు. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిశాక తండ్రి వాషింగ్టన్ డ్యూక్ ఓడిపోయిన దక్షిణాది సైనికుడిగా దాదాపు 137 మైళ్లు నడిచి ఇల్లు చేరడం, జేబులో అర డాలరు, పొలంలో కొంచెం పొగాకు మిగిలి ఉండటం. కొడుకులూ తండ్రీ కలిసి ఆ ఆకును కర్రలతో కొట్టి పొడి చేసి, సంచుల్లో నింపి, బండి మీద ఊరూరా తిరిగి అమ్మారు. ఆ సరుకుకు ‘ప్రో బోనో పబ్లికో’ అని పేరు పెట్టారు. లాటిన్‌లో ‘ప్రజల మేలు కోసం’ అని. ఇవన్నీ జరిగినవే. కానీ రెండేళ్లు నిండకుండానే తల్లిని టైఫాయిడ్‌కు పోగొట్టుకున్న కుర్రాడు, అర డాలరు, కోటీశ్వరుడు అని వరసగా పేర్చగానే పాఠకుడి కళ్లు వాటంతటవే తడుస్తాయి, అక్కడితో అతను ఆలోచించడం మానేస్తాడు. ఆ పొలం గురించి నువ్వు వదిలేసిన మాట ఒకటుంది. 1855లో ఇదే వాషింగ్టన్ డ్యూక్ కారొలైన్ అనే మనిషిని 601 డాలర్లకు కొన్నాడు. అవును, మనిషినే. ‘పేద రైతు కుటుంబం’ అని నువ్వు రాసిన వాక్యం పక్కన ఈ 601 పెట్టు. వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇంకొక పేరు కూడా నీ ప్రతిలో లేదు. స్టీఫెన్. 1839లో నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో స్లేడ్ అనే ఆసామి దగ్గర బానిస. పొగాకు బ్యారన్ కాపలా కాస్తూ రాత్రి కునుకు తీశాడట. లేచేసరికి మంట చల్లారిపోతోంది. కమ్మరి పని తెలిసినవాడు కాబట్టి గబగబా కొలిమి దగ్గర్నుంచి బొగ్గు తెచ్చి వేశాడు. ఆ ఒక్కసారిగా వచ్చిన పొడి వేడికి ఆకు నిమ్మపండు రంగు తిరిగింది. అలా పుట్టిందంటారు బ్రైట్ లీఫ్. మన పల్లెల్లో వర్జీనియా అని పిలిచే ఆకు ఆ వంశానిదే. కథలో కొంత జనం నోట పెరిగిందే ఉండొచ్చు, ‘అంటారు’ అనే మాట వదలకుండా రాయి. కానీ ఆ పేరు మాత్రం వదలొద్దు. ఘాటు తగ్గి, పొగ గుండెల దాకా పీల్చగలిగే మెత్తదనం ఆ ఆకుకు వచ్చింది. అది రాకపోతే డ్యూక్ సిగరెట్టు లేదు, మా నాన్న అర్ధరాత్రి థర్మామీటరూ లేదు. చదివినప్పటి నుంచీ స్టీఫెన్‌ను నేను మరిచిపోలేకపోతున్నాను. నిద్రపట్టి ఉలిక్కిపడి లేచే ఆ భయం నాకు తెలుసు, అదే భయంతో మా నాన్న లేవడం ఎన్నోసార్లు చూశాను.

తర్వాత యంత్రం. దీనికి నువ్వు నాలుగు వాక్యాలిచ్చావు, నాలుగు పేజీలివ్వాలి. డర్హాంలో అప్పటికే ‘బుల్ డర్హాం’ వాళ్లు పైపు పొగాకులో గట్టిగా పాతుకుపోయారు. వాళ్లను అక్కడ గెలవలేమని డ్యూక్ 1881లో సిగరెట్లలోకి దిగాడు. న్యూయార్క్ నుంచి చేత్తో చుట్టేవాళ్లను వందకు పైగా పిలిపించాడు. ఎక్కువమంది తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదులు. చెయ్యి తిరిగినవాడు రోజుకు రెండు మూడు వేలు చుట్టేవాడు. అదే ఏడాది వర్జీనియా రాష్ట్రంలో జేమ్స్ బాన్సాక్ అనే ఇరవై రెండేళ్లు నిండని కుర్రాడు సిగరెట్లు చుట్టే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. యంత్రం ఎలా పనిచేస్తుందో పాఠకుడికి కళ్లకు కట్టించు: ఒకవైపు నుంచి ఆగకుండా కాగితం రిబ్బను వస్తుంది, దాని మీద పొగాకు పడుతుంది, కాగితం గొట్టంలా ముడుచుకుని అంటుకుంటుంది, అంతులేని ఒకే పొడవాటి సిగరెట్టు బయటికొస్తుంది, తిరిగే కత్తి దాన్ని ముక్కలు కోస్తుంది. పెద్ద కంపెనీలు ఈ యంత్రాన్ని నమ్మలేదు, మాటిమాటికీ మొరాయించేది. డ్యూక్ నమ్మాడు. తన మెకానిక్‌లతో దాన్ని దారికి తెచ్చుకున్నాడు. 1884లో అది పదిగంటల్లో లక్షా ఇరవై వేల సిగరెట్లు చుట్టింది. చేతిపని వాళ్లలో చాలామంది మూటాముల్లె సర్దుకుని మళ్లీ న్యూయార్క్ రైలెక్కారు.

ఇక్కడొక్క క్షణం ఆగి ఆలోచించు. రోజుకు లక్షా ఇరవై వేల సిగరెట్లు కాల్చేవాళ్లు ఎక్కడున్నారు? అప్పటికి అమెరికాలో చాలామంది పొగాకు నమిలేవాళ్లు, లేకపోతే పైపో చుట్టో కాల్చేవాళ్లు. సిగరెట్టు పట్నం షోకు. అంటే యంత్రం కొన్న రోజు నుంచీ ఆయన అసలు పని సిగరెట్లు తయారు చేయడం కాదు, సిగరెట్లు కాల్చేవాళ్లను తయారు చేయడం. పది సిగరెట్ల పెట్టె ధర పది సెంట్ల నుంచి ఐదుకు దించాడు. పెట్టెలో రంగుల బొమ్మల కార్డులు పెట్టాడు. నటీమణులు, రాజులు, జెండాలు. పిల్లలు వాటిని ఏరుకుని దాచుకునేవాళ్లు. 1889 ఒక్క ఏడాదిలో ప్రకటనలకు 8 లక్షల డాలర్లు ఖర్చుపెట్టాడు. ఆ బొమ్మల్లో కొన్ని సభ్యంగా లేవని ఒక పాస్టర్ గొడవపడితే, 1894లో ముసలి తండ్రే ఆ ఫిర్యాదు జతచేసి, ఇవి మానెయ్యమని కొడుక్కి ఉత్తరం రాశాడు. ఈ ఉత్తరం సంగతి నీ రెండు ప్రతుల్లోనూ లేదు. నా దృష్టిలో ఆయన జీవితం మొత్తంలో నువ్వు కుర్చీ వేసుకుని కూర్చోవలసిన చోట్లలో ఇదొకటి. బయటివాడి విమర్శ పక్కన పెట్టేయొచ్చు. కొడుకు కట్టిన వ్యాపారం మీద తండ్రికి ఏదో తేడాగా అనిపించి కాగితం అందుకున్నాడంటే, ఆ ఇంట్లో మాట్లాడుకున్నవీ మాట్లాడుకోనివీ అందులో ఉన్నాయి.

వ్యాపార యుద్ధాలను మాత్రం త్వరగా దాటేయి. వాటికి నువ్వు ఆరు పేజీలు పెట్టావు, చదివేవాడికి తల తిరుగుతుంది. 1890లో ఐదు కంపెనీలు కలిసి రెండున్నర కోట్ల డాలర్ల మూలధనంతో అమెరికన్ టొబాకో కంపెనీ అయ్యాయి, ముప్పై మూడేళ్ల డ్యూక్ ప్రెసిడెంట్. జనం దాన్ని పొగాకు ట్రస్ట్ అన్నారు. కొనేవాడు ఒక్కడే అయితే అమ్మేవాడి గతి ఏమవుతుందో మన జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వేలం కేంద్రంలో బేళ్లు ‘నో బిడ్’ అయి వెనక్కి వచ్చిన రోజు రైతు మొహం నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. కెంటకీ, టెనెసీ రైతులు ఆ కడుపుమంటతో సంఘం పెట్టుకున్నారు. కొందరు ముసుగులు వేసుకుని రాత్రిళ్లు దాడులకు దిగారు. 1907 డిసెంబరు 7న హాప్కిన్స్‌విల్ అనే ఊరును ఆక్రమించి పొగాకు గోదాములు తగలబెట్టారు. వాళ్లను వీరుల్ని చేయకు. సంఘంలో చేరని తోటి రైతుల్ని, నల్లవాళ్లను కొరడాలతో కొట్టినవాళ్లు కూడా వాళ్లే. ఆ మంట ఎందుకు పుట్టిందో చెబితే చాలు. 1911 మే 29న సుప్రీంకోర్టు ట్రస్టును విడగొట్టమని తీర్పిచ్చింది.

మన ఊళ్ల దాకా దారి పడింది కూడా ఆ యుద్ధాల్లోనే. 1901లో డ్యూక్ ఇంగ్లండు మీదికి వెళ్లి లివర్‌పూల్‌లో ఆగ్డెన్స్ కంపెనీ కొన్నాడు. బ్రిటిష్ కంపెనీలు భయపడి ఇంపీరియల్ టొబాకో పేరుతో ఒక్కటయ్యాయి. 1902లో ఇద్దరూ రాజీపడి, మిగతా ప్రపంచంలో కలిసి అమ్ముకోవడానికి బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టుకున్నారు. దాని ఛైర్మన్ డ్యూక్. దాని కొమ్మగానే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా మొదలైంది, ఈనాటి ఐటీసీ అదే. 1912లో గుంటూరు ప్రాంతంలో ఆకు కోసం ఐఎల్‌టీడీ (ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ) వచ్చింది. చీరాలలో పెద్దవాళ్లు ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలను ఇప్పటికీ ఒక ఊరి పేరులా పలుకుతారు. అప్పుడు లండన్‌లోని ఆ బ్రిటిష్ అమెరికన్ టొబాకో ఛైర్మన్ కుర్చీలో ఉన్నది నీ కథానాయకుడే. 1923 దాకా ఆయనే. ఇది నీ రెండో ప్రతిలో చివరి పేరాలో ‘మన తెలుగు నేలతో కూడా సంబంధం ఉంది’ అని తగిలించినట్టు వచ్చింది. అలా తగిలించకు. పూర్తిగా రాయి, లేదా పూర్తిగా వదిలేయి.

ఇప్పుడు దానం. ఇక్కడ నీ భాష నిన్ను మోసం చేసింది. ‘వితరణశీలి’, ‘మహాదాత’, ‘దానకర్ణుడు’, ‘పరోపకారి’... లెక్కపెట్టాను, పదకొండు పేజీల్లో ఇరవై మూడు సార్లు. అవన్నీ తీసేసి దస్తావేజు చదువు. 1924 డిసెంబరు 11న ఆయన సంతకం పెట్టిన డ్యూక్ ఎండోమెంట్ పత్రం, అంటే దానాల కోసం పెట్టిన శాశ్వత నిధి దస్తావేజు. 4 కోట్ల డాలర్లు. పంచే ఆదాయంలో నూటికి 32 పాళ్లు యూనివర్సిటీకి, మరో 32 పాళ్లు ఆసుపత్రులకు. 10 అనాథ పిల్లలకు. డేవిడ్‌సన్ కాలేజీకి 5, ఫర్మన్ యూనివర్సిటీకి 5, నల్లజాతి విద్యార్థుల జాన్సన్ సి. స్మిత్ యూనివర్సిటీకి 4. పల్లెటూరి మెథడిస్ట్ చర్చీలు కట్టడానికి 6, నడపడానికి 4, రిటైరైన పాస్టర్లకూ వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లకూ 2. ఆసుపత్రుల దగ్గర ఒక షరతు చూడు: డబ్బివ్వలేని రోగిని చేర్చుకుంటే, ఆ పడకకు రోజుకు ఒక డాలరు. నల్లవాళ్ల ఆసుపత్రికీ అదే డాలరు. ఆ రోజుల్లో దక్షిణాది పల్లెల్లో డాక్టరు దొరకడమే గగనం. రోజుకు డాలరు వస్తుందంటే చిన్న ఊళ్లో ఆసుపత్రి తలుపు మూతపడకుండా ఉంటుంది. నాకు ఆ ఒక్క డాలరు ముందు చాపెల్ గోపురం చిన్నదిగా కనిపించింది. ఏటా కనీసం ఒక సమావేశంలో ట్రస్టీలందరూ కూర్చుని పత్రం మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలని కూడా అందులోనే రాయించాడు. ఇప్పటికీ చదువుతున్నారు. మనిషి ఎలాంటివాడో నీ ఇరవై మూడు విశేషణాలకంటే ఈ షరతు బాగా చెబుతుంది.

పత్రంలో ఇంకొకటి నీ సామెతకు అడ్డం వస్తుంది. ఆ 4 కోట్లలో పెద్ద భాగం పొగాకు వాటాలు కావు, కరెంటు కంపెనీ వాటాలు. 1905 నుంచి కటాబా నది మీద ఆనకట్టలు కట్టి సదరన్ పవర్ కంపెనీ నడిపాడు. ఈనాటి డ్యూక్ ఎనర్జీకి మూలం అదే, నీకు నెలనెలా బిల్లు పంపేదీ వాళ్లే అనుకుంటాను. ఆ కరెంటుతో కరోలినా బట్టల మిల్లులు తిరిగాయి. పొగాకు లాభం నదిలో పడి, కరెంటై, మిల్లుల్లోంచి వచ్చి, ఆసుపత్రి పడక దగ్గరికి చేరింది. కాబట్టి ‘పొగాకు డబ్బుతో ఆసుపత్రి’ అని ఒక్క ముక్కలో తేల్చకు. ఆ డబ్బు నడిచిన దారంతా పాఠకుణ్ణి నడిపించు. అలాగే ట్రస్ట్ అనే మాట రెండు చోట్ల వస్తుంది, మనవాళ్లకు గందరగోళం. పోటీదారుల్ని మింగిన ట్రస్ట్ వేరు, దానం చేసిన ట్రస్ట్ వేరు. మొదటిసారి వచ్చినప్పుడే విడమర్చి చెప్పు.

దానం ఆయన ఒక్కడితో మొదలైందనిపించేలా కూడా రాయకు. తర్వాత డ్యూక్ యూనివర్సిటీ అయిన ట్రినిటీ కాలేజీని 1892లో డర్హాంకు రప్పించడానికి 85 వేల డాలర్లు ఇచ్చింది తండ్రి. 1896లో ఆయనే మరో లక్ష ఇస్తానని, ఆడపిల్లల్ని మగపిల్లలతో సమానంగా చేర్చుకోవాలని షరతు పెట్టాడు. ఏళ్ల తరబడి కాలేజీ మంచిచెడ్డలు చూసింది డ్యూక్ అన్న బెంజమిన్. 1901లో నల్లవాళ్లకోసం డర్హాంలో లింకన్ హాస్పిటల్ తెరిచింది కూడా ఈ కుటుంబం డబ్బుతోనే, డాక్టర్ ఆరన్ మూర్ పట్టుబట్టి అడిగితే. అడిగినవాడి పేరు తప్పకుండా ఉండాలి. దానం కథల్లో ఇచ్చినవాడే కనిపిస్తాడు, అడగడానికి గుమ్మం ఎక్కిన మనిషి కనిపించడు.

నా తప్పు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక దాత షష్టిపూర్తి సంచికకు జీవితచరిత్ర రాసిపెట్టాను. పేరు వద్దు. స్కూలుకు గదులు కట్టించాడు, నిజం. పొగాకు కొని రైతులకు రెండేళ్లు డబ్బివ్వలేదు, అదీ నిజం. రెండోది వద్దని ఇంట్లోవాళ్లు అడిగారు, సరేనన్నాను. సభ రోజు గేటు దగ్గర ఒక ముసలాయన సంచిక చేతిలోకి తీసుకున్నాడు. చదువు రాదు. పేజీలు తిప్పి, “మా సంగతి కూడా రాశారా అయ్యా?” అని అడిగాడు. నేను రాశానని అబద్ధం చెప్పాను. ఆ రోజు నుంచి దాతల గురించి ఏది రాసినా ఆ ముసలాయన పుస్తకం తెరిచి చూస్తున్నట్టే ఉంటుంది నాకు. అందుకే నీ మొదటి ప్రతి చూసి కంగారుపడ్డాను.

రెండో ప్రతి చూసి ఇంకో రకంగా కంగారుపడ్డాను. సామెత పదునైనదే. కానీ ఆవు చచ్చిపోతోందని తెలిసి చంపినవాడి గురించి చెప్పిన సామెత అది. డ్యూక్‌కు ఏం తెలుసు? ఊపిరితిత్తుల క్యాన్సర్ 1912 నాటికి కూడా ఎంత అరుదైన జబ్బంటే, న్యూయార్క్ డాక్టరు ఐజాక్ ఆడ్లర్ దాని మీద పుస్తకం రాస్తూ, ఇంత అరుదైనదానికి పుస్తకమా అన్నట్టు ముందే సంజాయిషీ చెప్పుకున్నాడు. పొగాకును అనుమానించినవాళ్లలో ఆయన మొదటివరసలో ఉన్నాడు. బ్రిటన్‌లో డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు పొగకూ ఆ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో బలంగా చూపించింది 1950లో. అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి, సర్జన్ జనరల్, నివేదిక వచ్చింది 1964 జనవరిలో. డ్యూక్ అప్పటికి పోయి 38 ఏళ్లు దాటింది. అయితే ‘పాపం ఆయనకేం తెలుసు’ అని వదిలేయడానికీ లేదు. సిగరెట్టును శవపెట్టె మేకు అన్నవాళ్లు ఆయన కాలంలోనే ఉన్నారు. పదికి పైగా రాష్ట్రాలు ఏదో ఒక సమయంలో సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించాయి. పిల్లలు కాలుస్తున్నారన్న గోల ఆయన చెవిదాకా వచ్చింది. ఆయన ఆగలేదు. తెలిసినదెంతో, తెలియనిదెంతో విడదీసి రాయడం కష్టం, టెన్షన్‌గా ఉంటుంది, నాకు తెలుసు. కానీ తిట్టడం మొదలుపెడితే అసలు తిట్టు తినవలసినవాళ్లు తప్పించుకుంటారు. 1950 తర్వాత అన్నీ తెలిసి, ఏళ్ల తరబడి అబద్ధాలాడిన కంపెనీల మీద నాకు ఉన్న కోపం డ్యూక్ మీద లేదు. మా నాన్నకు ఎవరైనా ముందే నిజం చెప్పి ఉంటే అనుకుంటాను ఇప్పటికీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పొగాకు వల్ల ఏడాదికి 70 లక్షలమందికి పైగా చనిపోతున్నారు. ఈ అంకెను డ్యూక్ ఆసుపత్రి పడకల పక్కన పెట్టి తీసివేత లెక్క చేయకు. ఎన్ని డాలర్లకు ఎన్ని ప్రాణాలు అనే లెక్క ఎవరికీ తెగదు, రాసేవాడు తెగ్గొట్టినట్టు నటించకూడదు.

విన్న కథలు జాగ్రత్త. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి వెళ్లి పేరు మార్చుకుంటే డబ్బిస్తానన్నాడనీ, వాళ్లు పొమ్మన్నారనీ రాశావు. అది పుక్కిటి పురాణం. డ్యూక్ అనే పేరు సూచించింది ట్రినిటీ ప్రెసిడెంట్ విలియం ప్రెస్టన్ ఫ్యూ, ట్రినిటీ పేరుతో కాలేజీలు చాలా ఉన్నాయని. డ్యూక్ దాన్ని తండ్రికీ కుటుంబానికీ జ్ఞాపకంగా ఉండాలని ఒప్పుకున్నాడు. అంత రంగు లేని కథ, కానీ నిజం. నిజమైన రంగు కావాలంటే జూలియన్ ఏబెల్ ఉన్నాడు. ఆ గోపురం, ఆ క్యాంపస్ గీసిన నల్లజాతి ఆర్కిటెక్టు. ఫిలడెల్ఫియాలో హొరేస్ ట్రంబావర్ ఆఫీసులో ముఖ్య డిజైనర్. ఆయన గీసిన తరగతి గదుల్లోకి నల్లజాతి డిగ్రీ విద్యార్థులు 1963 దాకా అడుగుపెట్టలేకపోయారు. ఆయన 1950లోనే పోయాడు. 2016లో ఆ చాపెల్ ముందున్న ఆవరణకు ఏబెల్ పేరు పెట్టారు. నువ్వు గోపురం గురించి రాసిన రెండు పేజీల్లో ఆయనకు ఒక్క పేరా కూడా దక్కలేదు.

ఆయన చావు గురించి నువ్వు రాసిన వాక్యం ‘1925 అక్టోబరు 10న తనువు చాలించారు’. అంతే. పర్నీషియస్ అనీమియా అన్నారు డాక్టర్లు, రక్తం పట్టకుండా మనిషి పాలిపోయి నీరసించిపోయే జబ్బు. అప్పటికి మందు లేదు. మరుసటి ఏడాది, 1926లో, బోస్టన్‌లో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు డాక్టర్లు రోజూ కార్జం తినిపిస్తే ఈ రోగులు కోలుకుంటున్నారని ప్రకటించారు. కసాయి కొట్లో దొరికే కార్జం! నెలల తేడాతో ఆయనకు అందలేదు. నాలుగు కోట్ల డాలర్లు ఆసుపత్రులకూ చదువుకూ రాసిచ్చి ఏడాది తిరక్కుండానే, ఇంకా ఎవరూ కనిపెట్టని మందు లేక పోయాడు. ఇది చదివాక నేను పుస్తకం మూసి కాసేపు వరండాలో కూర్చున్నాను. ఆయన మీద జాలి వేసింది. నీ పాఠకుడికి కూడా ఆ జాలి కలగనివ్వు, ఐదు సెంట్ల పెట్టెలోని బొమ్మ ఏరుకుంటున్న పిల్లవాణ్ణి మాత్రం పేజీలోంచి పంపించేయకు.

ఇక పనులు. వీలు చూసుకుని డ్యూక్ హోమ్‌స్టెడ్‌కు వెళ్లు, పాత ఇల్లూ పొలమూ మ్యూజియంగా ఉంచారు. అక్కడి బ్యారన్ లోపలికి వెళ్లి నిలబడి, పైకప్పు కింద కర్రలు ఎలా పేర్చారో చూడు, మన బ్యారన్‌కూ దానికీ తేడా ఏమిటో రాసుకో. కారొలైన్ గురించి ఇంకేమైనా కాగితం ఉందా అని అక్కడివాళ్లను అడుగు. తర్వాత చాపెల్ ముందు డ్యూక్ విగ్రహం దగ్గరికి వెళ్లు. చేతిలో చుట్టతో నిలబడి ఉంటాడు కదా. 2020 జులై నుంచి ఆ క్యాంపస్‌లో ఎవరూ పొగతాగకూడదు. ఒక గంట అక్కడే కూర్చుని, వచ్చేపోయే పిల్లలు ఆ చేతివైపు చూస్తున్నారో లేదో చూడు. పాత పత్రికల్లో 1907లో కెంటకీ రైతుకు పౌను ఆకుకు ఎన్ని సెంట్లు వచ్చాయో వెతుకు. డాలర్లను ఈనాటి రూపాయల్లోకి మార్చకు, అప్పటి కూలి, అప్పటి రొట్టె ధర పక్కన పెడితే సరిపోతుంది.

సంక్రాంతి వెళ్లాక మా పక్క ఊళ్లో బ్యారన్లు వెలిగిస్తారు. కళ్లు ఈ మధ్య రాత్రిపూట సరిగ్గా సహకరించడం లేదు, అక్షరాలు కొంచెం పెద్దవిగా ప్రింటు తీసి పంపు. మూడో ప్రతి అప్పటికి అందితే అక్కడికే తీసుకెళ్లి చదువుతాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు